రెండో తాళంచెవి

ముక్కు మీద కోపం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చింది. మా అన్నయ్య వాటాకి చెవులు వచ్చాయి. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వింటాడు. తరవాత లేచి చేతులు తుడుచుకుంటూ, "రెండో సిలిండరు రింగులు అరిగాయి" అంటాడు. విప్పి చూస్తే అరిగే ఉంటాయి. బస్సు డిపోలో ముప్ఫై రెండేళ్ళు అదే పని చేశాడు. అక్కడ అందరూ ఆయన్ని డాక్టరు అనేవారు. మా వదినకు మాత్రం ఆ డాక్టరంటే వేళాకోళం. "ఇంట్లో ఫ్యాను మూలిగితే నిద్రలోంచి లేచి కూచుంటాడమ్మా. నేను మూలిగితే దుప్పటి కప్పి పడుకుంటాడు" అనేది.

నేను ఆయన కన్నా ఎనిమిదేళ్ళు చిన్న. రేవుకి వెళ్ళే రోడ్డు మలుపులో నట్లు, బోల్టులు, బేరింగులు, రబ్బరు గొట్టాలు అమ్మే కొట్టు నాది. నాన్న పెట్టింది. పెళ్ళి చేసుకోమని చెప్పీ చెప్పీ ఇంట్లోవాళ్ళు అలిసిపోయాక కొట్టు నా చేతిలో పెట్టారు. తాళంచెవులకు నకళ్ళు కోసే మిషను ఒకటి గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. ఆ మిషనే నా కొంప ముంచింది. కాదు, మిషన్ని అనడం ఎందుకు, నేనే ముంచుకున్నాను.

రిటైరైన ఏడాది అన్నయ్య ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. చెక్క పడవ. మూడేళ్ళుగా రేవు చివర బురదలో ఒక పక్కకి ఒరిగి ఉన్నదాన్ని ఏరికోరి తెచ్చుకున్నాడు. లోపల ఇద్దరు కాళ్ళు ముడుచుకుని పడుకునేంత గది, ఒక స్టవ్వు, మూడు మెట్లు, ఆ మెట్ల కింద రెండు సిలిండర్ల డీజిలు ఇంజను. అన్నయ్య మనసు పడింది ఆ ఇంజను మీద. పడవ ఆయన దృష్టిలో ఇంజనుకు కట్టిన గూడు మాత్రమే. పడవ మీద మనసు పడింది వదిన. ఇరవై ఆరేళ్ళు నూలు మిల్లులో దూది దుమ్ము మధ్య నిలబడి పనిచేసిన మనిషి ఆమె. మొదటిసారి ఆ పడవ ముందు భాగంలో కూచుని, "ఇక్కడ గాలి ఎంత శుభ్రంగా ఉందో చూడు" అంది. మీ ఇద్దరికీ మతి పోయిందని నేను అప్పుడే మొహం మీద చెప్పేశాను. ఇద్దరూ నవ్వారు. పిల్లల్లేని ఆ ఇంటికి ఆ ముసలి పడవే పిల్ల అయిపోయింది.

తెరచాప ఉన్నాక ఇంజను గోల ఎందుకని చాలామంది అడుగుతారు. మా రేవు ముఖద్వారం సన్నం. సముద్రపు గాలి సూటిగా లోపలికే కొడుతుంది. ఆ సందులోంచి తెరచాపతో బయటపడటం అయ్యే పని కాదు. రేవు కచేరీ వాళ్ళు ఒప్పుకోరు కూడా. బయటి నీళ్ళలోకి వెళ్ళేదాకా ఇంజను నడవాల్సిందే. అక్కడికి వెళ్ళాక అన్నయ్య ఇంజను ఆపి, తెరచాప ఎత్తి, అయిష్టంగానే వదిన పక్కన కూచునేవాడు.

ఆ ఇంజను తయారుచేసిన కంపెనీ మూతపడి ముప్ఫై అయిదేళ్ళయింది. దానికి సామాను ఎక్కడా దొరకదు. తయారు చేసుకోవాలి, లేదా ఇంకోదాన్లోంచి పీక్కోవాలి. నీళ్ళ పంపులో తిరిగే రబ్బరు చక్రాన్ని పాల డెయిరీ పంపులోంచి తెచ్చి, ఆకులు కొంచెం కొంచెం కోసి సరిపెట్టాడు. ఆయిలు సీలు లారీది. రాగి రేకు తెచ్చి కూచుని కత్తిరించి, ఇంజను మూత కింద పరిచే గాస్కెట్ చేశాడు. నా కొట్టుకు వచ్చి పెట్టెలన్నీ తిరగేసి, "ఇది దానికి దగ్గర్లో ఉంది" అని ఏదో ఒకటి జేబులో వేసుకుని పోయేవాడు. దగ్గర్లో ఉన్నదాన్ని సరిపోయేదాకా తీసుకొచ్చే ఓపిక ఆయనకు ఉండేది. అలా పదేళ్ళు నడిపాడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ ఇంజను చల్లబడేది సముద్రపు నీళ్ళతో. పడవ అడుగున ఒక కంత ఉంటుంది, దానికి ఇత్తడి కవాటం. పడవ కట్టేసి ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ కవాటం మూసెయ్యాలి, లేకపోతే గొట్టం ఊడిననాడు పడవ మునుగుతుంది. మళ్ళీ ఇంజను వెయ్యబోయే ముందు తెరవాలి. తెరవడం మర్చిపోతే ఇంజను నీళ్ళు లేక కాలిపోతుంది. అందుకని మా రేవులో పాతకాపులందరికీ ఒక అలవాటు ఉంది. కవాటం మూశాక ఇంజను తాళంచెవిని ఆ కవాటం పిడికే తగిలిస్తారు. తాళంచెవి కావాలంటే పిడి మీద చెయ్యి పడాల్సిందే, చెయ్యి పడ్డాక తిప్పక మానరు. కాబట్టి పడవకు తాళంచెవి ఒక్కటే ఉండాలి. రెండోది ఎవరూ చేయించరు.

నేను చేశాను.

వదినకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని తేలి అప్పటికి ఏడాది దాటింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ఉదయం పూట పడవలోకి వెళ్ళి కూచునేది. ఇంజను కాసేపు నడిస్తే గది వెచ్చబడుతుంది, ఆ వెచ్చదనం ఆమెకు హాయి. ఒకరోజు నా కొట్లో స్టూలు మీద కూచుని, "ఆ తాళంచెవి కోసం నేల మీద పాకాలే చిన్నీ. వంగితే ఊపిరాడదు, లేస్తే కళ్ళు తిరుగుతాయి" అంది. ఆ మర్నాడు అన్నయ్య, పిడికి తగిలించే రింగు తెగిందని తాళంచెవి కొట్టుకు తెచ్చి బల్ల మీద పెట్టి కొత్త రింగు వెతుక్కుంటుంటే, నేను నకలు కోసేశాను. ఎర్ర దారం కట్టి వదినకిచ్చాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

నాకు ఇంజన్ల సంగతి తెలియదా అంటే, తెలుసు. ఆ తాళంచెవి అక్కడే ఎందుకు వేలాడుతుందో అన్నయ్య నాకు పదిసార్లు చెప్పాడు. కోసేటప్పుడు మాత్రం వదిన మోకాళ్ళే కనపడ్డాయి.

ఆ వారంలోనే ఊపిరితిత్తుల డాక్టరు అన్నయ్యను పక్కకు పిలిచి, చలి ముదిరితే ఆమె తట్టుకోవడం కష్టమని చెప్పాడు. వదినకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "లైటుహౌసు దీవికి ఒకసారి తీసుకెళ్ళు. మనిద్దరమే" అని అడిగింది. రేవు దాటాక గంటన్నర ప్రయాణం. ఆదివారం వెళ్దామన్నాడు అన్నయ్య. శుక్రవారం పొద్దున్న డీజిలు ఫిల్టరు కోసం నా కొట్టుకొచ్చాడు. వదిన అప్పటికే పడవలో ఉంది. ఆయన వచ్చేసరికి గది వెచ్చగా ఉండాలని, టీ కూడా పెట్టి ఉంచాలని, ఎర్ర దారం తాళంచెవితో ఇంజను వేసింది. కవాటం మూసే ఉంది.

ఆయన ఫిల్టరు తీసుకుని బయల్దేరితే, ఏవో కబుర్లు చెప్పుకుంటూ నేనూ వెంట నడిచాను. రేవు గట్టు ఎక్కగానే అన్నయ్య ఆగాడు. తల కొంచెం పక్కకు వంచాడు. తరవాత పరిగెత్తాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి అలా పరిగెత్తడం నేను చూడలేదు. మేం వెళ్ళేసరికి మెట్ల కింద నుంచి తెల్లగా పొగ, కాలిన రబ్బరు కంపు. వదిన చేతిలో రెండు కప్పులతో బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. అన్నయ్య ఇంజను ఆపాడు. స్విచ్చిలో ఉన్న ఎర్ర దారం చూశాడు. కవాటానికి వేలాడుతున్న అసలు తాళంచెవి చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"నేనేం చేశాను?" అంది వదిన.

"నువ్వేం చేశావ్? పంపులో రబ్బరు ఎప్పుడో పోయింది, నేనే మార్చలేదు" అన్నాడు. ఎర్ర దారం తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తాళంచెవి ప్రస్తావన ఆ తరవాత ఎప్పుడూ తేలేదు. నన్ను నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది.

సిలిండరు హెడ్డు పగిలింది. ఇంజను పైన మూతలాగా కూచునే బరువైన పోత ఇనుప దిమ్మ అది. దాని అడుగున వెంట్రుకంత గీత. ఆ గీత చాలు ఇంజను మూలపడటానికి. వెల్డింగు మేస్త్రీ దాన్ని బొగ్గుల మీద కాల్చి, అతికించి, బూడిదలో రెండు రోజులు చల్లార్చి ఇచ్చాడు. బిగించి నడిపితే అరగంటలో అతుకు పక్కనే ఇంకో గీత వచ్చింది. మళ్ళీ అతికించాడు. మళ్ళీ వచ్చింది. పంతొమ్మిది రోజులు అందులో పోయాయి.

రేవులో గడ్డం కెప్టెన్ అని ఒకాయన ఉన్నాడు, పక్క పడవ ఆయనది. ఒకరోజు వచ్చి, "డాక్టరుగారూ, నా పడవ ఉంది కదా. రేపు పొద్దున్నే ఇద్దర్నీ దీవికి తీసుకెళ్ళి సాయంత్రానికి దింపుతాను" అన్నాడు. అన్నయ్య మొహం మాడ్చుకుని, "మా పడవ బాగయ్యాక వెళ్తాం లెండి" అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక వదిన నాతో మెల్లిగా, "ఎవరి పడవైతేనేమే, ఎక్కి కూచునేవాళ్ళం కదా" అంది. ఆ మాట నేను అన్నయ్య చెవిన వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో దాచుకోను. ఆ ఇంజను మళ్ళీ నడవాలి. అది నడిస్తేనే నేను చేసిన తప్పు చెరిగిపోతుంది. ఇంకొకరి పడవలో వెళ్తే అది చెరగదు. వదిన కోరిక గురించి కాకుండా నా గురించి ఆలోచించాను.

అక్కణ్ణుంచి అన్నయ్య కాళ్ళరిగేలా తిరిగాడు. పాత ఇనుము కొట్లు, ఇటుక బట్టీలు, మూతబడిన పిండిమరలు, ఎక్కడ ఆ కంపెనీ ఇంజను ఉందని ఎవరు చెప్పినా అక్కడికి పోయేవాడు. ఒక చోట ఇంజను దొరికింది, హెడ్డు లేదు. ఇంకో చోట హెడ్డు ఉంది, అదీ పగిలిందే. మొదట సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. తరవాత రెండేసి రోజులు వచ్చేవాడు కాదు. నేను కొట్టు సగంపూట మూసి వదిన దగ్గర కూచునేదాన్ని. ఆక్సిజను గొట్టం ముక్కుకి పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద శాలువాతో ఉండేది.

"ఇవాళ ఎక్కడున్నాడు మీ అన్నయ్య?"

"ఇటుక బట్టీలో."

"నిన్న?"

"ఐసు ఫ్యాక్టరీలో."

"నాకన్నా ఆ ఇంజనే నయం చిన్నీ. ఎక్కడో ఒకచోట దానికి సామాను దొరుకుతుంది" అని నవ్వబోయి దగ్గింది. నేను లేచి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ కుళాయి తిప్పి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఆఖరికి ఒక రాతి క్వారీ యజమాని ఫోను చేశాడు. పన్నెండేళ్ళుగా వాడని జనరేటరు ఉందట, అచ్చంగా అదే ఇంజనట. పద్దెనిమిది గంటల రైలు ప్రయాణం. ఆదివారం అన్నయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు.

"రేపొచ్చేస్తావా?" అంది వదిన.

"రేపు ఎక్కడ, దూరం కదా. బుధవారానికి బయల్దేరతాను. వచ్చే ఆదివారం దీవిలో ఉంటాం" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి ఆమె ఇంకేమీ అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం వదిన అన్నం రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు జరిపింది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

"మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. ఇంజనూ వద్దు, దీవీ వద్దు. వచ్చి పక్కన కూచోమను. దీవికి వెళ్దామన్నది కూడా అందుకే, అక్కడైతే చేతిలో పని లేకుండా కూచుంటాడని."

నేను వసారాలోకి వెళ్ళి ఫోను చేశాను. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య అరుస్తున్నాడు. వెనక రాళ్ళు పగలగొట్టే చప్పుడు.

"దొరికిందే చిన్నీ! హెడ్డు చెక్కుచెదరలేదు! పగులు లేదు, వంకర లేదు, కొత్తదానిలా ఉంది. నట్లే తుప్పుపట్టి రావట్లేదు. నిన్నటి నుంచి డీజిలు పోసి నానబెడుతున్నా. నాలుగు ఊడాయి, ఇంకో నాలుగున్నాయి. గట్టిగా తిప్పితే బోల్టు విరుగుతుంది, మెల్లిగా చెయ్యాలి. రేపు మధ్యాహ్నానికి ఊడతాయి, సాయంత్రం రైలెక్కుతా. మీ వదిన ఎలా ఉంది?"

అప్పుడు చెప్పాలి. ఒక్క మాట. రమ్మంటోంది అంటే చాలు. అయిదేళ్ళుగా ఆయన గొంతులో అంత సంతోషం నేను వినలేదు. పైగా ఆ హెడ్డు లేకుండా వచ్చేస్తే ఇక ఆ ఇంజను ఎప్పటికీ నడవదు. రాత్రి రైలెక్కితే రేపు, నట్లు ఊడేదాకా ఉంటే ఎల్లుండి. ఒక్క రోజులో ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను.

"బాగానే ఉంది. తీసుకునే రా" అన్నాను.

లోపలికి వచ్చాక వదిన నా మొహం చూసింది. "బయల్దేరుతున్నాడు వదినా" అన్నాను. ఆ అబద్ధం కూడా ఆడాను. ఆమె తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. బుధవారమంతా చప్పుడైనప్పుడల్లా వాకిలి వైపు చూసింది.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి నేను ఆమె తల దువ్వుతున్నాను. జడ సగంలో ఉంది. ఊపిరి ఒకసారి గట్టిగా తీసుకుంది, తల నా చేతిలోకి ఒరిగింది. పక్కింటివాళ్ళ కోసం నేను పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడిందట.

అన్నయ్య పన్నెండింటికి వచ్చాడు. ఆ హెడ్డుని తన దుప్పట్లో చుట్టి భుజం మీద పెట్టుకుని వచ్చాడు. ఇరవై కిలోల పైనే ఉంటుంది. గుమ్మంలో జనాన్ని చూసి ఆగాడు. నన్ను చూశాడు. ఆయనకు భుజం మీది బరువు దించాలని తోచలేదు. అలాగే లోపలికి వెళ్ళి, దాన్ని మోస్తూనే వదిన పక్కన నిలబడ్డాడు. గడ్డం కెప్టెన్ వెళ్ళి రెండు చేతులా అందుకుని దింపాడు.

నాలుగు నెలలు అది హాల్లో మంచం కింద దుప్పటితో సహా ఉండిపోయింది. అన్నయ్య రేవు వైపు వెళ్ళలేదు. నా కొట్టుకు వచ్చి వదిన కూచున్న స్టూలు మీద కూచునేవాడు. నేను కోపంతో వచ్చినవాళ్ళ మీదల్లా విరుచుకుపడేదాన్ని. ఒక బోల్టు అడిగినవాడికి బోల్టిచ్చి నాలుగు మాటలు కూడా కలిపి పంపేదాన్ని.

ఎండలు మొదలయ్యాక ఒక పొద్దున్న, "ఇంజను నోరు తెరిచి ఉంది. అలా వదిలెయ్యడం బాగుండదు. టార్చి పట్టుకోవడానికి వస్తావా?" అన్నాడు. వెళ్ళాను. రోజంతా పట్టింది. సిలిండర్ల అంచులు గీకి శుభ్రం చేశాడు, రాగి గాస్కెట్ వేశాడు, హెడ్డు దించి నట్లు ఒక్కోటీ వరసగా కొంచెం కొంచెం బిగించాడు. కవాటం తెరిచాడు. తాళంచెవి తిప్పాడు. రెండుసార్లు ముక్కి మూడోసారి అందుకుంది. పడవ వెనక నీళ్ళు బుళుక్కు బుళుక్కుమంటూ బయటికి చిమ్మాయి. అన్నయ్య స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. లోటు లేదన్నట్టు తల ఊపాడు.

నేను మెట్ల మీద కూచుని ఉన్నాను. నా తప్పు చెరిగిపోయే రోజు ఇదేనని నాలుగు నెలల కిందట అనుకున్నదాన్ని. ఏమీ చెరగలేదు. అలాగే ఉంది.

"ఆ మంగళవారం నువ్వు ఫోన్ చేశావ్ చూడు" అన్నాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "ఎందుకు చేశావో చెప్పలేదు. నేనే మాట్లాడేశాను. తను చెయ్యమందా?"

నీళ్ళు నమలాలనిపించింది. నమల్లేదు. ఆమె అన్న ప్రతి మాటా చెప్పాను. ఇంజనూ వద్దు దీవీ వద్దు అన్నది చెప్పాను. చేతిలో పని లేకుండా పక్కన కూచుంటావని దీవి అడిగిందని చెప్పాను. కెప్టెన్ పడవైనా సరేనన్నదీ చెప్పాను. నా తాళంచెవి తప్పు చెరుపుకోవడానికే నీకు చెప్పలేదన్నాను. బుధవారమంతా వాకిలి వైపు చూసిందని కూడా చెప్పేశాను. చెప్తున్నంతసేపూ ఆయన నన్ను కొడితే బాగుండుననిపించింది.

అన్నయ్య చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. తరవాత నా మొహంలోకి సూటిగా చూశాడు.

"చెప్పినా వచ్చేవాణ్ణి కాదే చిన్నీ. ఒక్క రోజు ఆగమని చెప్పు అనేవాణ్ణి. ఆ నాలుగు నట్లూ ఊడదీసుకునే వచ్చేవాణ్ణి."

నా బరువు దించడానికి అన్నాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. కాదు. మా అన్నయ్య నాకు తెలియదా? అది నిజమే.

ఆయన ఇంజను వైపు తిరిగి, రెండు చేతులూ దాని మీద పెట్టి తల వంచాడు. ఇంజను చప్పుడులో ఆయన ఏడుపు నాకు వినపడలేదు. భుజాలు కదలడం చూసి తెలుసుకున్నాను.